22 ఏళ్ల జెన్‌కి కాళ్లు బాగుచేయించాను: ఆటోనగర్‌లో నాలుగు వారాలు

కారు 2003 మారుతి జెన్ ఎల్ఎక్స్. పవర్ స్టీరింగ్ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మూడు రోజులు చక్రాలు మునిగేదాకా నీళ్లలో నిలబడింది. ఇంజిన్, వైరింగ్, సీట్ల పని దసరాకే అయిపోయింది. కింది భాగం, అంటే సస్పెన్షన్, మాత్రం అలాగే మిగిలింది. 70 దాటితే కారు తిన్నగా పోయేది కాదు, స్టీరింగ్‌ని నిమిషం నిమిషం సర్దుతూనే ఉండాలి. కనకదుర్గ ఫ్లైఓవర్ వంపులో జాయింట్ల మీదుగా పోతుంటే వెనక భాగం పక్కకి జరిగినట్టు అనిపించేది. ఇంటి ముందు ఆపి చూస్తే డ్రైవర్ వైపు ఒరిగి, తోక దించుకుని ఉండేది. ఆ నిలబడే తీరు చూస్తేనే మనసుకి కష్టంగా ఉండేది.

పాత చిన్న కారుని బాగుచేయిద్దామనుకునేవాళ్లు ముందు టైర్లూ అల్లాయ్‌లూ కొంటారు, తర్వాత స్ప్రింగులు కోయిస్తారు. నేను ఆ క్రమాన్ని తిరగేశాను. ముందు రబ్బరు బుష్‌లు (ఇనుప కీళ్ల మధ్య ఉండే రబ్బరు ముక్కలు), తర్వాత షాకబ్జర్లు, స్ప్రింగులు, ఆ తర్వాత టైర్లు, చివర్న అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం). ఎత్తు మాత్రం కంపెనీ ఇచ్చిందే.

జనవరి 4, శనివారం. ఆటోనగర్‌కి వెళ్లేముందే అపార్ట్‌మెంట్ సెల్లారులో సమంగా ఉన్న చోట కారు పెట్టి కొలతలు తీశాను. నాలుగు టైర్లలో గాలి సమానంగా పెట్టి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, కారుని ముందుకీ వెనక్కీ రెండు మూడడుగులు తోశాక కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వస్తుంది. అందుకని చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టాలి. ముందు ఎడమ 334 మి.మీ., ముందు కుడి 322. వెనక ఎడమ 331, వెనక కుడి 325. ముందు రెండు వైపులకీ 12 మి.మీ. తేడా. ఇన్నేళ్లు డ్రైవర్ ఒక్కడే ఎక్కి తిరిగిన కారుకి కుడి స్ప్రింగు ముందు దిగుతుంది. ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. నాకు ఆఖరిదాకా పనికొచ్చినది ఆ కాగితమే.

జనవరి 6, సోమవారం. ఆటోనగర్‌లో ర్యాంపు మీద చూపించాను. మేస్త్రీ గారు పెద్ద వయసాయన, జెన్‌లు కొత్తగా వచ్చిన రోజుల నుంచీ చేస్తున్నారు. కారు మూలల్ని ఒక్కసారి నొక్కి వదిలారు. ఒకసారి పైకి లేచి ఆగిపోవాల్సింది, రెండున్నర సార్లు ఊగింది. తర్వాత ముందు చక్రాన్ని పట్టే కింది ఆర్మ్ దగ్గర ప్రై బార్ (మీటలా వాడే ఇనుప కడ్డీ) పెట్టి కదిపితే లోపలి బుష్‌లో రబ్బరు వేరు, ఇనుము వేరుగా కనిపించాయి. వెనక యాక్సిల్‌ని పక్కకి ఒత్తితే లేటరల్ రాడ్ చివర దాదాపు 4 మి.మీ. వదులు ఉంది. జెన్ వెనక సస్పెన్షన్‌లో యాక్సిల్ ఒకే ముక్క. దాన్ని ముందుకీ వెనక్కీ పోకుండా రెండు ట్రైలింగ్ ఆర్మ్‌లు పట్టుకుంటాయి, పక్కకి పోకుండా ఆపేది ఆ ఒక్క లేటరల్ రాడ్డే. దాని బుష్ పోతే ఫ్లైఓవర్ జాయింట్ మీద తోక పక్కకి జరగక ఏం చేస్తుంది? ఇన్నాళ్లూ నేను షాకబ్జర్లనే అనుమానించాను.

వెనక చక్రాలు చేత్తో తిప్పితే గరగరమంది. వరద బురద లోపలికి పోయింది. అవీ జాబితాలో చేరాయి. చూసినందుకు ఆయన డబ్బులేమీ తీసుకోలేదు.

జనవరి 7 నుంచి 10 దాకా సామాను కోసం తిరిగాను. ముందు స్ట్రట్‌లు (స్ప్రింగు మధ్యలో కూర్చునే ముందు షాకబ్జర్లు) రెండు 3,300, వెనక షాకబ్జర్లు రెండు 1,900, ముందు స్ప్రింగుల జత 2,200, వెనక స్ప్రింగుల జత 1,900. స్ట్రట్ పై మౌంట్లు బేరింగ్‌తో కలిపి 960. బంప్ స్టాపులు (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోతే దెబ్బ కాసే దిమ్మలు), దుమ్ము తొడుగులు 520. ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ (వంపుల్లో కారు ఒరగడం తగ్గించే కడ్డీ) బుష్‌లు, ట్రైలింగ్ ఆర్మ్, లేటరల్ రాడ్ బుష్‌లు అన్నీ కలిపి 1,840. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) ఎండ్లు 680. వెనక బేరింగులు 760. మొత్తం 14,060 రూపాయలు. పై మౌంట్లూ బంప్ స్టాపులూ పాతవే వాడదామని చాలామంది అంటారు. వాటిని మార్చాలంటే మళ్లీ స్ట్రట్ మొత్తం విప్పాలి. ఆ 1,480 మిగుల్చుకుంటే రెండోసారి లేబర్ కట్టాల్సి వస్తుంది.

బుష్‌లు కొనేటప్పుడు రబ్బరుని గోరుతో నొక్కి చూడండి. మంచిది కొద్దిగా లోపలికి పోయి వెంటనే తేరుకుంటుంది. నాసిరకం రబ్బరు గట్టిగా ఉంటుంది, మెరుస్తుంది, కిరోసిన్ వాసన కొడుతుంది. పాలీయురేథేన్ బుష్‌లు కూడా చూపించారు, వద్దన్నాను. ట్రైలింగ్ ఆర్మ్ బుష్ ఒక్క దిక్కుకే తిరగదు. యాక్సిల్ ఒరిగినప్పుడు అది మెలి కూడా తిరగాలి. అక్కడ మరీ గట్టి బుష్ వేస్తే ఆ బరువంతా బాడీకి అతికిన బ్రాకెట్ మీద పడుతుంది. 22 ఏళ్ల రేకు అది.

వెనక స్ప్రింగులు స్టాకులో లేవు. తెప్పిస్తామన్నారు. ఇంతలో సంక్రాంతి. 11వ తేదీ నుంచే షెడ్డు కుర్రాళ్లు ఊళ్లకి వెళ్లిపోయారు. 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ, ఆ తర్వాత వారం చివర. 20న కానీ షెడ్డు నిండలేదు. సంక్రాంతికి ముందు వారంలో ఎవరూ ఆటోనగర్‌లో కారు విప్పించుకోకండి. విప్పిన కారు పది రోజులు స్టాండ్ల మీద ఉండిపోతుంది.

జనవరి 21, మంగళవారం. ముందు భాగం. బ్రేకు కాలిపర్‌ని గొట్టం మీద వేలాడనివ్వకుండా వైరుతో బాడీకి కట్టించాను. ఇది చెప్పకపోతే చాలాచోట్ల వేలాడదీస్తారు, గొట్టం లోపల చీలుతుంది, బయటికి తెలియదు. స్ప్రింగు విప్పేటప్పుడు తప్పనిసరిగా కంప్రెసర్ వాడాలి, అదీ రెండు వైపులా సమంగా బిగిస్తూ. తాడుతోనో తీగతోనో కట్టి పై నట్టు విప్పే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అలాంటి చోట పని చేయించకండి. ఆ స్ప్రింగు ఎగిరితే మనిషి దక్కడు.

కొత్త షాకబ్జర్లు పెట్టెలో పడుకుని వస్తాయి కాబట్టి లోపల గాలీ నూనే కలిసిపోయి ఉంటాయి. బిగించే ముందు నిలువుగా పట్టుకుని పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి, ఐదారుసార్లు చేయాలి. మొదటి రెండుసార్లు మధ్యలో చెయ్యి జారినట్టు వదులుగా వస్తుంది, తర్వాత ఒకే బిగువుతో నడుస్తుంది. ఇక్కడే నాకు తేడా దొరికింది. వెనక వాటిలో ఒకటి పదిసార్లు నొక్కినా మధ్యలో ఒక అంగుళం ఖాళీగా పోతోంది. ఆ పని బిగించక ముందే చేశాం కాబట్టి బతికిపోయాం. కారుకి బిగించాక ఆ వదులు కనిపెట్టడం కష్టం. మార్చమంటే షాపువాళ్లు ముందు ఒప్పుకోలేదు. రెండూ పక్కపక్కన పెట్టి వాళ్ల చేతే నొక్కించాక మారుస్తామన్నారు. కొత్తది చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది.

జనవరి 22. అసలు కష్టం వెనక మొదలైంది. లేటరల్ రాడ్ బోల్టు కదల్లేదు. వరద నీటికి బుష్ లోపలి గొట్టం, బోల్టు తుప్పుతో ఒకటైపోయాయి. పానా పెట్టి తిప్పుతుంటే నట్టుకి బదులు బుష్ మొత్తం తిరుగుతోంది, రబ్బరు కీచుమంటోంది. గ్యాస్ మంట పెడదామన్నాడు కుర్రాడు. మేస్త్రీ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఒరేయ్, పక్కనే పెట్రోలు ట్యాంకు ఉందిరా. రంపం తీసుకురా."

రాత్రంతా తుప్పు వదిలే నూనె నానబెట్టి, మర్నాడు రంపంతో బుష్‌కి అటూ ఇటూ బోల్టు కోశారు. రెండున్నర గంటలు. గ్రైండర్ కూడా వాడనివ్వలేదు, రవ్వలు ట్యాంకు వైపే పోతాయని. లేత్ దగ్గర బ్రాకెట్ రంధ్రం శుభ్రం చేయించి, కొత్త బోల్టు తెప్పించడానికి 350. బోల్టు తల మీద 8.8 అని అంకె ఉండాలి. మామూలు హార్డ్‌వేర్ షాపులో ఏ అంకె లేని మెత్తటి బోల్టు అమ్ముతారు, ఇక్కడ అది పనికిరాదు. బిగించేటప్పుడు బోల్టు కాండానికి పల్చగా గ్రీజు రాస్తే వచ్చేసారి ఇలా పట్టేయదు. పాత బుష్‌లు తీసి కొత్తవి ప్రెస్ మీద ఎక్కించడానికి 400 తీసుకున్నారు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే కొత్త బుష్ అంచు అక్కడే చీలుతుంది.

కారు ఎలాగూ స్టాండ్ల మీదే ఉంది కాబట్టి రిమ్ముల పని ఈలోగా పెట్టుకున్నాను. నాలుగింటిలో రెండు వంకర. సరిచేయడానికి 700, నాలుగింటికీ వెండి రంగుకి 1,800. అల్లాయ్‌ల మీద ఆశ లేదని కాదు. 14 అంగుళాల పాత అల్లాయ్‌లు 165/60 టైర్లతో బేరానికి వచ్చాయి. లెక్క వేశాను. అసలు టైరు 145/70 ఆర్13 (వెడల్పు 145 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 13 అంగుళాలు), వ్యాసం 533 మి.మీ. ఆ 14 అంగుళాలది 554. దాదాపు 4 శాతం పెద్దది, బరువూ ఎక్కువే, పవర్ స్టీరింగ్ లేని కారు. 165/65 ఆర్13 అయితే 545. నేను తీసుకున్నది 155/65 ఆర్13, వ్యాసం 532. మిల్లీమీటరున్నర తేడా, స్పీడోమీటరు మీద ప్రభావం లేనట్టే. లోడ్ అంకె 71 నుంచి 73కి పెరిగింది, అంటే ఒక్కో టైరు 345 కిలోలకి బదులు 365 మోస్తుంది. రిమ్ము వెడల్పు దాని మీదే అచ్చు పోసి ఉంటుంది, 4 నుంచి 5.5 అంగుళాల లోపు ఉంటే 155కి సరిపోతుంది. వంపులో టైరు మెలి తగ్గింది, అదే నాకు కావాల్సింది.

టైర్లు ఒక్కోటి 3,350, నాలుగు 13,400. పాతవాటికి 600 తగ్గించారు. కొనేముందు పక్కన గుడ్డు ఆకారంలో ఉన్న నాలుగంకెలు చూడండి. 3224 అంటే 2024లో 32వ వారం తయారీ. మొదటి షాపులో 2021 సరుకు చూపించి తక్కువ ధర చెప్పారు, వద్దని వచ్చేశాను. కొత్త వాల్వులూ బ్యాలెన్సింగూ కలిపి 600.

జనవరి 25, శనివారం. మారుస్తామన్న షాకబ్జర్ వచ్చింది. సాయంత్రానికి అంతా బిగించి, కారు దించి, నేరుగా అలైన్‌మెంట్‌కి పంపారు. 400. రాత్రి ఇంటికి తోలుకొచ్చాను. బండి తిన్నగా పోతోంది కానీ ప్రతి గతుకుకీ చెక్కబండిలా కొడుతోంది. పైగా ఎత్తుగా ఉంది, పొలం గట్టు దాటడానికి పంచె ఎగ్గట్టినట్టు.

26న సెలవు. సెల్లారులో కాగితం తీసి కొలిచాను. ముందు 352, 350. వెనక 360, 357. కొత్త స్ప్రింగులు కొంచెం ఎత్తు ఇస్తాయి కానీ, వెనక ఇంత అక్కర్లేదు. కారణం స్ప్రింగులు కాదు. రబ్బరు బుష్‌కి లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక గొట్టం, మధ్యలో రబ్బరు అతికి ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీకి బిగుసుకుంటుంది. ఇక ఆర్మ్ కదిలితే బేరింగులా తిరగదు, రబ్బరే మెలి తిరుగుతుంది. కారు గాల్లో ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆ బోల్టులు గట్టిగా లాగేస్తే, రబ్బరుకి సహజమైన చోటు అదే అయిపోతుంది. కారు దించగానే ప్రతి బుష్షూ మెలితిరిగి, మళ్లీ ఆ వేలాడే చోటికే పోదామని కారుని పైకి నెడుతూ ఉంటుంది. అందుకే ఎత్తు, అందుకే కొట్టుడు. అలా వదిలేస్తే కొన్ని నెలల్లో కొత్త రబ్బరు చీలిపోతుంది. కొత్త బుష్‌లు వేయించినా ఏడాది తిరక్కుండానే పోయాయని బాధపడేవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే అని నా నమ్మకం.

27 పొద్దున్నే మేస్త్రీ గారికి కాగితం చూపించాను. ఆయన వాదించలేదు. "కుర్రాళ్లు పైనే లాగేశారండీ, నేను చూసుకోలేదు. గొయ్యి మీద పెట్టండి, ఇప్పుడే చేద్దాం" అన్నారు. గొయ్యి మీద కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటుంది, కింద నుంచి బోల్టులు అందుతాయి. ముందు ఆర్మ్‌ల లోపలి బోల్టులు, ట్రైలింగ్ ఆర్మ్‌లవి, లేటరల్ రాడ్ రెండు చివర్లవి ఒక చుట్టు వదులు చేశారు. ఒకటి వదిలినప్పుడల్లా టప్ మని చప్పుడొచ్చి కారు కాస్త కిందికి కూర్చుంది. నాలుగోసారి గొయ్యిలో ఉన్న కుర్రాడు పైకి చూసి నవ్వాడు. మెలిపడిన రబ్బరు విడిపోతున్న చప్పుడది. డ్రైవర్ సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి, కారుని ముందుకీ వెనక్కీ తోసి, మూలలు నాలుగుసార్లు నొక్కి, అప్పుడు అన్నీ బిగించారు. నలభై నిమిషాల పని. కొలిస్తే ముందు 343, 341. వెనక 347, 345. అంటే ముందు 9, వెనక 12, 13 మి.మీ. దిగింది, ఒక్క సామానూ మార్చకుండా. మొత్తం లేబర్ 4,500లో దీనికి వేరే తీసుకోలేదు.

ఎత్తు మారగానే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మారిపోతుంది. స్టీరింగ్ టై రాడ్డూ కింది ఆర్మూ ఒకే వంపులో తిరగవు కాబట్టి. అంటే 25న పెట్టించిన అలైన్‌మెంట్ డబ్బులు పోయినట్టే. ఈసారి తొందరపడకుండా స్ప్రింగులు కుదురుకోవడానికి 200 కిలోమీటర్లు తిప్పాను.

ఫిబ్రవరి 1, శనివారం. రెండో అలైన్‌మెంట్, మళ్లీ 400. ముందు ఎడమ కాంబర్ (చక్రం పైభాగం వాలే కోణం, మైనస్ అంటే లోపలికి) మైనస్ 10 మినిట్లు, కుడి మైనస్ 40. మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. కారు ఎడమకి కొద్దిగా లాగుతున్నది ఇందుకే. "కాంబర్ అడ్జస్ట్‌మెంట్ ఈ కారుకి లేదండీ" అన్నాడు మిషన్ మీది కుర్రాడు. కంపెనీ ఇవ్వలేదన్నది నిజమే. కానీ స్ట్రట్‌ని నకల్‌కి (చక్రం హబ్బు ఉండే ముక్క) పట్టే రెండు బోల్టుల రంధ్రాల్లో కొద్దిగా సందు ఉంటుంది. వాటిని వదులు చేసి, కుడి చక్రం పైభాగాన్ని బయటికి లాగి పట్టుకుని, ఎడమది లోపలికి నెట్టి పట్టుకుని బిగిస్తే రెండూ మైనస్ 25 దగ్గరికి వచ్చాయి. కాంబర్ అయ్యాకే టో. ఒక మిల్లీమీటరు లోపలికి పెట్టించాను. స్టీరింగ్ తిన్నగా లాక్ చేసి రెండు టై రాడ్లూ సమంగా తిప్పాలి. ఒక్కదాన్నే తిప్పేస్తే మిషన్ మీద అంకెలు పచ్చగానే కనిపిస్తాయి, రోడ్డు మీద స్టీరింగ్ వంకరగా ఉంటుంది.

గాలి ముందు 30, వెనక 28 పెడుతున్నాను. ముందు 33 పెట్టి చూస్తే స్టీరింగ్ తేలికైంది కానీ పటమట సందుల్లో స్పీడ్ బ్రేకర్ల మీద పళ్లు కదిలాయి. 155 టైర్ల వల్ల పార్కింగ్‌లో స్టీరింగ్ కాస్త బరువెక్కింది. కారు కదులుతుండగా తిప్పడం అలవాటైపోయింది.

స్ప్రింగు ఒక చుట్టు కోయించమని షెడ్డులో ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. కోసిన స్ప్రింగు పొట్టిదే కాదు, గట్టిదీ అవుతుంది. షాకబ్జర్ ప్రయాణం సగం ముందే అయిపోయి బంప్ స్టాపు మీద పడుతుంది. చక్రం గోతిలోకి వేలాడినప్పుడు స్ప్రింగు సీటు వదిలేస్తుంది. వెనక లేటరల్ రాడ్ వాలు మారి యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఈ కారుకి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కి పోవాలి.

మొత్తం ఖర్చు: సామాను 14,060, లేబర్, ప్రెస్, లేత్ కలిపి 5,250, రిమ్ములు 2,500, టైర్లు బ్యాలెన్సింగ్‌తో 13,400, అలైన్‌మెంట్ రెండుసార్లు 800. మొత్తం 36,010 రూపాయలు. ఆ ఎక్స్ఛేంజి 600 తగ్గింపూ బ్యాలెన్సింగ్ 600 ఖర్చూ చెల్లుకి చెల్లు. ఈ కారుని ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుందో అంతా ఇందులోనే పెట్టానని ఇంట్లో వాళ్ల మాట. వాళ్ల లెక్క తప్పని నేననలేను.

ఫిబ్రవరి 2న తెల్లవారుజామున ఉండవల్లి వైపు నుంచి కరకట్ట మీద తోలాను. వంపులు వరసగా వచ్చే రోడ్డు. ఇదివరకు ఒక వంపులో ఒరిగిన కారు తేరుకునేలోపే రెండోది వచ్చేది, స్టీరింగ్‌ని రెండుసార్లు సర్దాల్సొచ్చేది. ఇప్పుడు ఒకసారి తిప్పితే అక్కడే నిలబడుతోంది, వెనక భాగం ముందు భాగం వెంటే వస్తోంది. తిరుగు దారిలో ఫ్లైఓవర్ జాయింట్లు వినిపించాయి, తోక మాత్రం కదల్లేదు.

మార్చి 2కి 1,100 కిలోమీటర్లు. బోల్టులన్నీ 300 దగ్గర ఒకసారి బిగువు చూశాం, స్టెబిలైజర్ క్లాంపు ఒక్కటే పావు చుట్టు తిరిగింది. కాగితం మీద తాజా అంకెలు ముందు 341, 339, వెనక 343, 342. వెనక కుడి బేరింగ్ దగ్గర సీలు అంచున సన్నగా గ్రీజు చెమ్మ కనిపిస్తోంది. వానలు పడేలోపు డ్రమ్ము విప్పించి చూడాలి.